వెలుగును ప్రశ్నించిన విజ్ఞాని - సర్ సి.వి. రామన్

ఒక వ్యక్తి మత్తుపదార్థం సేవించాడా లేదా అని నిర్ణయించడానికి వైద్యులు చిరకాలంగా రక్తాన్నో, మూత్రాన్నో పరీక్షిస్తున్నారు. రక్తం తీయడానికి సూది కావాలి. శిక్షణ పొందిన మనిషి కావాలి. ఫలితం తేలడానికి వ్యవధి కావాలి. సూది గుచ్చకుండా, కేవలం కాంతికిరణం సహాయంతో ఆ పని చేయవచ్చునా అని నేడు అనేక దేశాల పరిశోధకులు కృషి చేస్తున్నారు. ఆ కృషిలో ప్రధానమైన ఒక మార్గానికి 1928లో కలకత్తాలోని ఒక చిన్న ప్రయోగశాలలో పునాది పడింది. ఆ పునాది వేసిన మహనీయుడు చంద్రశేఖర వెంకట రామన్.

రామన్ 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లిలో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులుగా చేరడంతో కుటుంబం 1892లో ఆ నగరానికి తరలివచ్చింది. ఆ విధంగా రామన్ బాల్యం మన తెలుగుగడ్డపై, సముద్రతీరాన గడిచింది. పదకొండవ ఏట మెట్రిక్యులేషన్ ముగించి, తండ్రి పనిచేసే కళాశాలలోనే ఎఫ్.ఎ. చదివారు. అనంతరం మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1904లో బి.ఎ., 1907లో ఎం.ఎ. పట్టాలను ప్రథమ శ్రేణిలో అందుకున్నారు. ఎం.ఎ. పూర్తి కాకముందే, 1906లో, కాంతిపై ఆయన రాసిన తొలి పరిశోధన వ్యాసం ఒక ప్రసిద్ధ ఆంగ్ల విజ్ఞాన పత్రికలో వెలువడింది.

ఆనాడు మన దేశంలో పరిశోధనను నమ్ముకొని జీవించే అవకాశం మిక్కిలి స్వల్పం. అందుచేత రామన్ ప్రభుత్వ ఆర్థికశాఖ పోటీ పరీక్షలో నెగ్గి, 1907లో కలకత్తాలో ఉద్యోగంలో చేరారు. ఒకనాడు ట్రాములో వెళుతుండగా బౌబజారు వీధిలో ఒక విజ్ఞాన సంస్థ పేరుగల ఫలకం ఆయన కంటబడింది. అది మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన సంస్థ. అప్పటికి అందులో ప్రయోగాలు చేసేవారు దాదాపు లేరు. ఉదయం కచేరీకి వెళ్ళకముందు, సాయంత్రం కచేరీ ముగిసిన తరువాత రామన్ అక్కడ పనిచేయసాగారు. పదేళ్ళ పాటు ఆయన దినచర్య ప్రధానంగా ఇదే. 1917లో ఆశుతోష్ ముఖర్జీ ఆహ్వానంపై, జీతం తగ్గినా వెనుదీయక, ఉద్యోగం వదలి కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవిని స్వీకరించారు.

1921లో ఇంగ్లండు వెళ్ళి ఓడలో తిరిగి వస్తూ, మధ్యధరా సముద్రపు గాఢమైన నీలిమను చూచి రామన్ ముగ్ధులయ్యారు. ఆకాశపు నీలిమ ప్రతిబింబించడం వల్లనే సముద్రం నీలంగా కనిపిస్తుందని అంతవరకు పండితులు భావించేవారు. రామన్ తన వద్దనున్న నికోల్ పట్టకంతో నీటి ఉపరితలంపై ప్రతిఫలించే కాంతిని తొలగించి చూచారు. నీలిమ అలాగే నిలిచింది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని ఆయన గ్రహించారు. ఈ చెదరిపోవడాన్నే శాస్త్రజ్ఞులు పరిక్షేపణం అంటారు.

కలకత్తా చేరగానే శిష్యులతో కలిసి ద్రవాలలో పరిక్షేపణాన్ని పరిశీలించడం ఆరంభించారు. 1923లో శిష్యుడు కె.ఆర్. రామనాథన్‌కు, నీటినుండి వెలువడే కాంతిలో, లోనికి పంపిన రంగుకు భిన్నమైన మరొక రంగు అతి సన్నగా కనిపించింది. ద్రవంలోని మలినాలే అందుకు కారణమని మొదట తలచారు. ద్రవాన్ని మళ్ళీ మళ్ళీ శుద్ధి చేశారు. అయినా ఆ కాంతి పోలేదు. కె.ఎస్. కృష్ణన్ తోడ్పాటుతో సుమారు అరవై ద్రవాలను పరీక్షించారు; అన్నింటిలోను అదే ఫలితం. 1928 ఫిబ్రవరి 28న పాదరసపు దీపపు వెలుగులో, వర్ణపటదర్శినిలో కొత్త రేఖలు స్పష్టంగా కనిపించాయి. అదే రామన్ ఫలితం.

దాని సారాంశమిది. అణువులను తాకిన కాంతిలో అత్యధిక భాగం రంగు మారకుండానే చెదరుతుంది. కోటి కణాలలో ఏ ఒక్కటో అణువుకు కొంత శక్తినిచ్చి లేదా దానినుండి పుచ్చుకొని, రంగు మార్చుకొని బయటికి వస్తుంది. ఆ మార్పు ఎంత అన్నది అణువు కంపించే తీరుపై ఆధారపడుతుంది. కనుక మనిషికి వేలిముద్ర ఎటువంటిదో, పదార్థానికి ఈ రేఖల వరుస అటువంటిది.

ఈ ఆవిష్కరణకు 1930లో నోబెల్ బహుమతి లభించింది. విజ్ఞానరంగంలో ఆ గౌరవం పొందిన తొలి ఆసియావాసి రామన్. ఆయన మద్యం ముట్టనివారు. స్టాక్‌హోమ్‌లో జరిగిన విందును గురించి ఒక చమత్కారం ప్రచారంలో ఉంది: ఆల్కహాలుపై రామన్ ఫలితాన్ని చూశారు గనుక, రామన్‌పై ఆల్కహాలు ఫలితాన్ని చూడాలని ఆశించవద్దని ఆయన అన్నారట.

ఆయన శిష్యులలో కృష్ణా జిల్లాకు చెందిన సూరి భగవంతం ప్రముఖులు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో రామన్ వద్ద పనిచేసి, తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా సేవచేశారు. రామన్ 1933లో బెంగుళూరు చేరి, 1948లో తమ పేరిట పరిశోధన సంస్థను నెలకొల్పి, 1970 నవంబరు 21న కన్నుమూశారు.

1960లో లేసర్ రావడంతో రామన్ ఫలితానికి కొత్త బలం చేకూరింది. చేతిలో ఇమిడే పరికరంతో, పారదర్శకమైన సంచిని విప్పకుండానే, లోపలి పొడి ఏ మాదకద్రవ్యమో గుర్తించే విధానం నేడు వాడుకలో ఉంది. శరీరంలో ఆ ద్రవ్యం అత్యల్పంగా ఉంటుంది గనుక అక్కడ పని కష్టతరం. గరుకైన వెండిపై నిలిచిన అణువుల రామన్ కాంతి ఎన్నో రెట్లు హెచ్చుతుందని 1974 నాటి ప్రయోగాలు దారి చూపాయి. ఆ దారిలోనే లాలాజలపు బొట్టులో మాదకద్రవ్యాన్ని పసిగట్టడానికి పరిశోధనలు సాగుతున్నాయి.

అయితే విద్యార్థులారా, ఒక భేదాన్ని మరువరాదు. కాంతి చెప్పగలిగేది పదార్థం ఉన్నదని మాత్రమే. మనిషి ఆ క్షణాన మత్తులో ఉన్నాడని కాదు. గంజాయి ఆనవాళ్ళు మత్తు దిగిన కొన్ని రోజుల తరువాత కూడా మూత్రంలో కనిపించవచ్చు. రక్తపరీక్షకైనా, కాంతిపరీక్షకైనా ఈ వివేచన అవసరం. ఒక యువకుని చదువు, ఉపాధి, పరువు ఆ ఒక్క ఫలితంపై ఆధారపడి ఉన్నప్పుడు, తొందరపడి తీర్పు చెప్పడం అన్యాయం. నిజంగా దోషమున్నదని తేలినా, అతనిని వెలివేయడం కన్న చికిత్సకు పంపడం మేలు.

తన కంటబడిన కొత్త రంగును సైతం రామన్ వెంటనే నమ్మలేదు. మలినమేమో అని ద్రవాన్ని శుద్ధి చేయించారు. అరవై ద్రవాలలో సరిచూచారు. ఆ పిమ్మటనే లోకానికి ప్రకటించారు. ఆయన ఇచ్చిన కాంతితో సాటి మనిషిని పరీక్షించబూనేవారికి ఆయన పాటించిన ఓర్పు కూడా ఉండాలి. మన కళాశాల ప్రయోగశాలలో పట్టకం ముందు నిలిచే ప్రతి విద్యార్థి రామన్ జీవితంనుండి గ్రహించవలసినది ఇదే.