తేనెటీగల నేస్తం - లాంగ్‌స్ట్రాత్

కోనసీమలో ఏ కాలువగట్టున నడిచినా కొబ్బరితోటల నీడ వెన్నంటి వస్తుంది. కొబ్బరిచెట్టు ఏడాది పొడవునా పూతపూస్తుంది కనుక అచ్చట తేనెటీగలకు పుప్పొడి కరవు లేదు. అట్టి తోటలో తేనెపెట్టె ఉంచుకొన్న రైతు మూత తెరచి, పట్టుతో నిండిన చట్రాన్ని పైకెత్తి, పరీక్షించి, తిరిగి యథాస్థానంలో నిలపగలుగుతున్నాడు. పట్టు చెదరదు; ఈగ నలగదు. చూడడానికి సులభమైన ఈ పని వెనుక ఒక మహనీయుని జీవితకాల సాధన ఉంది. ఆయనే లోరెంజో లోరైన్ లాంగ్‌స్ట్రాత్.

లాంగ్‌స్ట్రాత్ 1810 డిసెంబరు 25న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జన్మించాడు. బాల్యంలోనే ఆయనకు కీటకాలపై అపారమైన ఆసక్తి. నేలపై మోకరిల్లి చీమల బారులను చూస్తూ మోకాళ్లవద్ద బట్టలు చింపుకొని పెద్దలచేత దండనలు పొందాడు. 1831లో యేల్ కళాశాలలో పట్టం పొంది, మతబోధకుడయ్యాడు. 1838లో ఒక మిత్రుని ఇంట గాజుపాత్రలో మెరుస్తున్న తేనెపట్టును చూచి ముగ్ధుడయ్యాడు. ఆ మిత్రుని ఈగలను చూచి వచ్చిన నాడే తానూ రెండు తేనెటీగల కుటుంబాలను కొన్నాడు.

అప్పటికి ఈగలను బోలు దుంగలలోను, గడ్డిబుట్టలలోను పెంచేవారు. లోపల ఏమి జరుగుతున్నదో తెలిసేది కాదు. తేనె కావాలంటే గంధకపు పొగతో ఈగలను చంపి పట్టు కోసేవారు. మన పల్లెలలో రాత్రివేళ కాగడాలతో ఈగలను కాల్చి తేనెతీసే పద్ధతి దీనికి సోదరమే. ఫలాన్ని అందించిన ప్రాణినే బలిగొనే ఈ తీరు లాంగ్‌స్ట్రాత్ హృదయాన్ని కలచివేసింది. చూపు కోల్పోయినా సేవకుని కన్నులతో తేనెటీగల రహస్యాలను వెలికితీసిన స్విట్జర్లాండు శాస్త్రవేత్త ఫ్రాన్స్వా హ్యూబర్ రచనలు ఆయనకు దారిచూపాయి.

కదిలించదగిన పట్టెల పెట్టెలు అంతకుముందే ఉన్నా, ఈగలు పట్టును పెట్టెగోడలకు అతికించేవి. ప్రతిసారీ కత్తితో కోయవలసి వచ్చేది. లాంగ్‌స్ట్రాత్ ఈగల నడకను గమనించాడు. సందు మరీ ఇరుకైతే అవి బంకతో పూడుస్తాయి. మరీ వెడల్పైతే మైనంతో పట్టు కడతాయి. ఈ రెంటికీ నడుమ, అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల సందును మాత్రం తమ రాకపోకలకు బాటగా విడిచిపెడతాయి. మూతకు, పట్టెలకు మధ్య ఉంచిన ఈ ఎడాన్ని చట్రాల నాలుగు వైపులా ఎందుకు ఉంచరాదన్న ఆలోచన 1851 అక్టోబరులో ఆయనకు స్ఫురించింది. ఈగలపై బలం ప్రయోగించక, వాటి స్వభావాన్నే ఆదరించిన ఈ ఊహ తేనెటీగల పెంపకాన్నే మార్చివేసింది.

1852లో ఆయన పేటెంటు పొందాడు. 1853లో తన అనుభవసారాన్ని గ్రంథంగా వెలువరించాడు. కాని సంపద ఆయనను వరించలేదు. ఎందరో ఆ పెట్టెను అనుమతి లేకుండా తయారుచేసి అమ్ముకొన్నారు. న్యాయస్థానాలలో పోరాడి ఆయన ధనాన్ని, ఆరోగ్యాన్ని వ్యయపరచుకొన్నాడు. యౌవనంనుండి వేధించిన మానసిక వ్యాధి నెలల తరబడి ఆయనను చీకటిలో ముంచేది. ఆ రోజులలో ప్రాణప్రదమైన తేనెటీగలను తలచుకొనడం కూడ ఆయనకు దుర్భరమయ్యేది. 1870లో కుమారుడు, 1873లో భార్య మరణించారు. అయినా వ్యాధి తగ్గిన ప్రతిసారీ ఆయన మరల ఈగలవద్దకే చేరేవాడు. 1895 అక్టోబరు 6న డేటన్ నగరంలోని ఒక చర్చిలో దైవప్రేమను గూర్చి ప్రసంగించడానికి ఉపక్రమిస్తూనే కన్నుమూశాడు.

ఆయన సూత్రం సముద్రాలను దాటింది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో దక్షిణభారతంలో ఫాదర్ న్యూటన్ మన దేశవాళీ పుట్టతేనెటీగ చిన్న శరీరానికి తగినట్లు చిన్నపెట్టెను రూపొందించాడు. నేడు కొబ్బరితోటలో తొలిసారి పెట్టె తెరిచే యువకుడు ద్వారానికి ఎదురుగా కాక పక్కన నిలబడతాడు. కొద్దిగా పొగపట్టి, కుదుపు లేకుండ చట్రాన్ని ఎత్తి, పెట్టెపైననే నిలువుగా పట్టుకొంటాడు. అడ్డంగా వాలిస్తే లేతపట్టు విరుగుతుంది. గదుల అడుగున తెల్లని గుడ్లు నిలిచి ఉంటే రాణి కనిపించకపోయినా మూడు నాళ్లకు లోపల అది గుడ్లు పెట్టిందని గ్రహిస్తాడు. పైభాగాన తేనె, దాని దిగువ పుప్పొడి, నడుమ పిల్లపురుగులు ఉన్నాయో లేదో చూస్తాడు. మైనపుపురుగు గూళ్లు కనిపిస్తే తొలగిస్తాడు. చట్రాలను అదే వరుసలో అమర్చి త్వరగా మూతవేస్తాడు. తరచు కలతపెడితే మన దేశవాళీ ఈగలు పెట్టెను విడిచి లేచిపోతాయి.

ఆ యువకుని చేతిలోని చట్రం చుట్టూ ఉన్న సన్నని ఎడం లాంగ్‌స్ట్రాత్ లోకానికి ఇచ్చిన కానుక. ఆయనకు దక్కని ధనం ఎందరికో జీవనాధారమైంది. ప్రకృతిని జయించడం కంటె దాని మర్యాదను తెలిసి మెలగడమే మేలని ఆయన జీవితం బోధిస్తున్నది.