చైనా పండితుల గ్రంథాలు చదివిన మిషనరీ

తొండూరు, పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతాల విశ్వాసులకు క్యాంప్‌బెల్ ఆసుపత్రి గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. జమ్మలమడుగులో దాన్ని నెలకొల్పింది లండన్ మిషనరీ సొసైటీ. 1805లో విశాఖపట్నంలో, 1822లో కడపలో పరిచర్య ప్రారంభించిన ఆ సంస్థే 1807లో రాబర్ట్ మోరిసన్‌ను చైనాకు పంపింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చైనా భాషకు తొలి ఆచార్యుడు కూడా ఆ సంస్థ పంపిన మిషనరీయేనన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆయన పేరు జేమ్స్ లెగ్.

1815లో స్కాట్లాండ్‌లోని హంట్లీ అనే చిన్న పట్టణంలో ఆయన పుట్టాడు. అబెర్డీన్‌లో పట్టా పుచ్చుకుని, లండన్‌లో శామ్యూల్ కిడ్ దగ్గర చైనా అక్షరాలు దిద్దుకుని, 1840లో మలక్కా చేరాడు. మోరిసన్ స్థాపించిన కాలేజీని అక్కడ నడిపి, 1843లో హాంకాంగ్‌కు మారాడు. 1852లో భార్య మేరీ మరణించింది. అయినా ఆయన పరిచర్య విడిచిపెట్టలేదు. ముప్ఫై ఏళ్లపాటు ఆ ఊరే ఆయన ఊరు.

చైనాలో చదువుకున్నవాడి మనసంతా కన్ఫ్యూషియస్ గ్రంథాల చుట్టూ అల్లుకుని ఉండేది. పిల్లలు వాటిని కంఠస్థం చేసేవారు, పెద్దలు వాటిలో పరీక్షలు రాసి అధికారులయ్యేవారు. అవేవీ చదవకుండా ఆ ప్రజలకు ఎలా బోధిస్తామన్నది లెగ్‌ను వేధించిన ప్రశ్న. తెల్లవారుజామున మూడు గంటలకే లేచి ఆ గ్రంథాల ముందు కూర్చునేవాడు. కడపలో సి.పి.బ్రౌన్ పండితులను చేరదీసి తెలుగు కావ్యాలు పరిష్కరింపజేసిన సంగతి మనకు తెలుసు కదా! లెగ్‌కు వాంగ్ టావో అనే పండితుడు అలా తోడయ్యాడు. 1861 నుంచి 1872 వరకు మూలంతో, వ్యాఖ్యానంతో కూడిన అనువాద సంపుటాలు ఐదు వెలువడ్డాయి.

ఇక్కడొక ఇబ్బందికరమైన నిజం దాచకుండా చెప్పుకోవాలి. ఆ ముద్రణకు డబ్బిచ్చినవాడు జోసెఫ్ జార్డిన్. ఆయన కంపెనీ నల్లమందు వ్యాపారంలో పేరు మోసింది. లెగ్ ఏమో నల్లమందు వ్యాపారానికి బద్ధ వ్యతిరేకి. ఆయన ఆ డబ్బు తీసుకోవడం సరైనదేనా అంటే మేమైతే తేల్చి చెప్పలేం.

అలాగని లెగ్‌ను పుస్తకాల పురుగనుకుంటే పొరపాటే. బోలో పట్టణంలో కన్ఫ్యూషియస్ ఆలయాన్ని కనిపెట్టుకుని ఉండే చే అనే వృద్ధుడు 1856లో లెగ్ చేత బాప్తిస్మం పొంది, తన ప్రాంతంలో ఎందరినో క్రీస్తు దగ్గరకు నడిపించాడు. 1861లో శత్రువులు ఆయన్ను హింసించి చంపారు. క్రీస్తును విడిచిపెట్టేందుకు మాత్రం ఆయన ఒప్పుకోలేదు. కన్ఫ్యూషియస్‌ను ఎరిగినవాడు క్రీస్తు కోసం ప్రాణమివ్వడం లెగ్ దగ్గరుండి ఎరిగిన సంగతి.

ఆ పాత గ్రంథాల్లో ‘షాంగ్‌దీ’ అనే మాట పదేపదే వస్తుంది. అన్నిటికీ పైనున్న ప్రభువు అని దాని భావం. చైనీయుల పూర్వికులు ఆ పేరుతో పిలిచింది నిజదేవుణ్ణేనని లెగ్ నమ్మాడు. బైబిల్లో దేవునికి ఆ మాటే వాడాలన్నాడు. మన తెలుగు బైబిల్లో ‘దేవుడు’ అనే మన ఊళ్ల మాటే ఉంది, అది మనకెవ్వరికీ వింతగా తోచదు. చైనా మిషనరీలు మాత్రం దీనిమీద రెండుగా చీలిపోయారు. 1873లో లెగ్ పెకింగ్ వెళ్లాడు. చక్రవర్తి ఏటా షాంగ్‌దీకి బలి అర్పించే బలిపీఠం దగ్గర చెప్పులు విడిచి, తోటివారితో కలిసి త్రియేక దేవుని స్తుతిగీతం పాడాడు. ఏథెన్సులో తెలియబడని దేవుని బలిపీఠం చూసిన పౌలు మనకు గుర్తుకొస్తాడు. తోటి మిషనరీల్లో కొందరికి మాత్రం అది మింగుడుపడలేదు. 1877లో షాంఘై మిషనరీ మహాసభలో ఆయన వ్యాసం చదివారు గాని, సభ నివేదికలో దాన్ని అచ్చువేయకూడదని తీర్మానించారు.

అప్పటికే ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నాడు. 1876లో అక్కడ చైనా భాషకు కొత్తగా పెట్టిన పీఠం ఆయనకు దక్కింది. లెగ్ ఆంగ్లికన్ కాదు, కాంగ్రిగేషనల్ సంఘస్థుడు. అలాంటి వారికి అక్కడి పదవుల తలుపులు చట్టరీత్యా తెరుచుకుని అప్పటికి ఐదేళ్లే. చైనా భాష నేర్చుకోవడానికి వచ్చిన విద్యార్థులు బహుకొద్దిమంది. అయినా ఇరవై ఒక్క ఏళ్లు పాఠాలు మానలేదు. మాక్స్‌ముల్లర్ ప్రాచ్య పవిత్ర గ్రంథమాలకు ఆరు సంపుటాలు అనువదించి ఇచ్చాడు.

మాకు అన్నిటికన్నా నచ్చింది మరొకటి. 1861లో మొదటి సంపుటంలో ఆయన కన్ఫ్యూషియస్‌ను గొప్పవాడిగా ఒప్పుకోలేదు. ముప్ఫై రెండేళ్లు పాఠాలు చెప్పి, చదివి, 1893లో అదే పుస్తకం తిరిగి అచ్చవుతున్నప్పుడు ఆ తీర్పును కొట్టివేసి, ఆయన నిజంగా చాలా గొప్పవాడని రాశాడు. అప్పటికి లెగ్‌కు డెబ్బై ఏడేళ్లు. తాను అచ్చువేసిన మాట తప్పని అచ్చులోనే ఒప్పుకునే పండితులు, బోధకులు ఎంతమంది ఉంటారు? క్రీస్తుపై విశ్వాసం మాత్రం ఆయనలో ఇసుమంతైనా సడలలేదు.

1897 నవంబరు 29న, ఆచార్య పదవిలో ఉండగానే, ఆయన ప్రభువు సన్నిధికి చేరాడు. 1919లో వెలువడిన చైనా యూనియన్ బైబిలు ఇప్పటికీ రెండు రకాలుగా అచ్చవుతోంది. ఒకదానిలో దేవునికి ‘షెన్’ అని ఉంటుంది, రెండోదానిలో ‘షాంగ్‌దీ’ అని.