కోయిల గూటి నుంచి మశూచి టీకా వరకు: ఎడ్వర్డ్ జెన్నర్

మశూచికి టీకా కనిపెట్టినది ఎవరు? ఈ ఒక్క మార్కు బిట్టు మనమందరం ఎన్నోసార్లు రాసిందే. జెన్నర్ అని రాసి తరువాతి బిట్టుకు వెళ్ళిపోయాం. ఆయన జీవితం చదివినప్పుడు మాకు రెండు సంగతులు ఆశ్చర్యం కలిగించాయి. ఒకటి, ఆయన తల్లీ తండ్రీ లేకుండా పెరిగి, ఇంటికి దూరంగా ఉండి చదువుకున్నవాడు. రెండు, ఆయనకు మొదట పేరు తెచ్చినది టీకా కాదు, కోయిల పిల్ల. అందుకే ఈ సంచికలో ఆయన గురించి రాస్తున్నాం.

జెన్నర్ 1749 మే 17న ఇంగ్లండులోని బర్క్‌లీ అనే చిన్న ఊరిలో పుట్టాడు. తండ్రి అక్కడి చర్చిలో మతాధికారి. తొమ్మిది మంది సంతానంలో ఈయన ఎనిమిదవవాడు. అయిదేళ్ళ వయసులో, 1754లో, కొద్ది వారాల తేడాతో తల్లిదండ్రులిద్దరూ చనిపోయారు. అన్నగారు చేరదీసి పెంచారు. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి వేరే ఊరిలో బడిలో ఉంచారు. పెట్టె, కంచం, గ్లాసు పట్టుకుని మొదటిసారి హాస్టల్ మెట్లెక్కిన రోజు గుర్తున్నవారికి ఆ పిల్లవాడి మనసు వేరే చెప్పనక్కరలేదు.

అక్కడే మరో కష్టం ఎదురైంది. ఆ రోజుల్లో మశూచి రాకుండా ఉండాలని, మశూచి పొక్కులోని రసాన్నే ఆరోగ్యంగా ఉన్నవారి చర్మం కింద ఎక్కించేవారు. దానికి ముందు జెన్నర్‌కు కొన్ని వారాలపాటు సరిగ్గా తిండి పెట్టలేదు. ఒంట్లోంచి రక్తం తీశారు. తరువాత మిగతా పిల్లలతో పాటు గుర్రాల కొట్టంలో ఉంచారు. ఆ బాధ ఆయన జీవితాంతం మరచిపోలేదు.

పద్నాలుగో ఏట ఒక సర్జన్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. 1770లో లండన్ వెళ్ళి జాన్ హంటర్ అనే గొప్ప సర్జన్‌కు శిష్యుడై ఆయన ఇంట్లోనే రెండేళ్ళు ఉన్నాడు. ఊహించి కూర్చోకుండా స్వయంగా చేసి చూడాలన్న పట్టుదల ఆ గురువు దగ్గర అబ్బిందే. కెప్టెన్ కుక్ రెండవ సముద్రయాత్రలో వెళ్ళే అవకాశం వచ్చినా కాదని, జెన్నర్ సొంత ఊరికి తిరిగివచ్చి వైద్యం మొదలుపెట్టాడు.

గుర్రం మీద పల్లెలు తిరుగుతూ వైద్యం చేస్తున్నా, ఆయన చూపు పొదల మీద, గూళ్ళ మీద ఉండేది. మన కోయిల కాకి గూట్లో గుడ్లు పెట్టినట్లే, యూరప్ కోయిల చిన్న చిన్న పిట్టల గూళ్ళలో గుడ్డు పెడుతుంది. కొద్ది రోజుల్లో ఆ గూట్లో కోయిల పిల్ల ఒక్కటే మిగులుతుంది. మిగతావాటిని పెద్ద పక్షులే తీసివేస్తాయని చాలామంది అనుకునేవారు. జెన్నర్ కూడా మొదట అలాగే అనుకుని రాయల్ సొసైటీకి వ్యాసం పంపాడు. అయితే 1787 జూన్‌లో ఒక గూటి దగ్గర కాపు వేసి అసలు సంగతి కళ్ళారా చూశాడు. కళ్ళు కూడా తెరవని కోయిల పిల్ల, వీపు మీది పల్లంలోకి పక్క పిల్లను ఎత్తుకుని, వెనక్కి పాకి గూటి అంచు నుంచి కిందికి తోసేసింది! వెంటనే తన వ్యాసాన్ని వెనక్కి తెప్పించుకుని దిద్ది పంపాడు. అది 1788లో అచ్చయింది. 1789లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. నమ్మనివారు చాలాకాలం ఉన్నారు. తరువాత వచ్చిన ఫోటోలు, సినిమాలు ఆయన చెప్పినదే నిజమని చూపించాయి.

చలికాలంలో పక్షులు ఎక్కడికి పోతాయన్నది ఆయనను వేధించిన మరో ప్రశ్న. అవి చెరువు అడుగున బురదలో నిద్రపోతాయని పండితులు కూడా నమ్మే రోజులవి. జెన్నర్ ఒక రైతు ఇంటి దగ్గర పన్నెండు స్విఫ్ట్ పిట్టలను పట్టి, గుర్తు కోసం ఒక్కొక్కదాని కాలికి రెండేసి గోళ్ళు తీసి వదిలాడు. మరుసటి ఏడు చూస్తే వాటిలో కొన్ని అదే చోట ఉన్నాయి. ఆ తరువాతి రెండేళ్ళూ కనిపించాయి. ఏడేళ్ళ తరువాత ఆ రైతు వంటింట్లోకి పిల్లి నోట కరచుకొచ్చిన పిట్టకు కూడా అదే గుర్తు ఉంది! పక్షులు వలస పోయి తిరిగి తమ చోటికే వస్తాయని ఆయన రాసిన వ్యాసం, ఆయన చనిపోయిన మరుసటి ఏడు, 1824లో అచ్చయింది.

ఇక టీకా సంగతి. ఆవు పొదుగు మీది పొక్కులు చేతికి అంటిన పాలమ్మాయిలకు మశూచి రాదని పల్లెజనం చెప్పుకునేవారు. చదువుకున్నవారు తీసిపారేసిన ఆ మాటను జెన్నర్ పట్టించుకున్నాడు. 1796 మే 14న సారా నెల్మ్స్ అనే పాలమ్మాయి చేతి పొక్కులోని రసాన్ని తీసి, తన తోటమాలి కొడుకు, ఎనిమిదేళ్ళ జేమ్స్ ఫిప్స్‌కు ఎక్కించాడు. జూలైలో అసలు మశూచి రసాన్నే ఎక్కించి చూశాడు. జబ్బు రాలేదు.

ఇక్కడ మేము కాసేపు ఆగి ఆలోచించాం. ఆ పిల్లవాడికి ఏదైనా జరిగి ఉంటే? పరీక్షకు దొరికింది కూలిపని చేసుకునేవాడి కొడుకే గదా! ఈ రోజుల్లో అలాంటి ప్రయోగానికి ఎవరూ అనుమతి ఇవ్వరు. తరువాత జెన్నర్ ఫిప్స్‌కు ఉండటానికి ఒక ఇల్లు ఇచ్చాడు. అయినా, బిట్టుకు జవాబు రాసేటప్పుడు జెన్నర్‌తో పాటు ఫిప్స్‌నూ తలచుకోవడం మన ధర్మం.

రాయల్ సొసైటీ ఈ వ్యాసాన్ని అచ్చు వేయలేదు. జెన్నర్ 1798లో సొంతంగా పుస్తకం వేశాడు. తోటలోని చిన్న గుడిసెలో పేదలకు ఉచితంగా టీకాలు వేశాడు. 1802లో ఆ టీకా బొంబాయి చేరింది. 1823 జనవరి 26న జెన్నర్ బర్క్‌లీలోనే కన్నుమూశాడు. అమ్మవారు పోసిందని మన ఊళ్ళు వణికిన ఆ జబ్బు మన దేశంలో 1975తో ఆగిపోయింది. 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. మన అమ్మమ్మల, తాతల చేతుల మీది గుండ్రటి మచ్చలు ఆ టీకా గుర్తులే.

మరి ఆయన కోయిల ఎక్కడికి పోతుంది? ఆ జవాబు 2011 తరువాత దొరికింది. బ్రిటన్ పక్షి శాస్త్రజ్ఞులు కోయిలల వీపున అయిదు గ్రాముల ట్యాగులు కట్టి ఉపగ్రహాల ద్వారా వెంబడించారు. అవి జూన్‌లోనే బయలుదేరి, కొన్ని ఇటలీ వైపు నుంచి, కొన్ని స్పెయిన్ మీదుగా సహారా ఎడారి దాటి కాంగో అడవులకు చేరుతున్నాయి. స్పెయిన్ దారిలో వెళ్ళేవి ఎక్కువగా చనిపోతున్నాయని కూడా తెలిసింది. 2019లో మంగోలియాలో ట్యాగు కట్టిన ఓనన్ అనే కోయిల ఆఫ్రికా వెళ్ళి, 2020లో అరేబియా సముద్రం దాటి మన దేశం మీదుగా తిరిగి వెళ్ళింది.

కోయిల పిల్ల కన్నవారిని ఎన్నడూ చూడదు. పెద్దలు ముందే వెళ్ళిపోతారు. అది ఒంటరిగా బయలుదేరి, ఎవరూ చూపని దారిలో ఆఫ్రికా చేరుతుంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇక్కడ చదివి వెళ్ళిన అన్నలూ, అక్కలూ! మనం అంత ఒంటరివాళ్ళం కాదు. మన ముందు నడిచినవారు ఉన్నారు. జెన్నర్‌లాగా నమ్మకాన్ని పక్కన పెట్టి కళ్ళతో చూడటం, తప్పని తెలిస్తే దిద్దుకోవడం నేర్చుకుందాం. ఈసారి హాస్టల్ వేపచెట్టు మీద కోయిల కూసినప్పుడు, ఒక్కసారి తలెత్తి గూడు ఎవరిదో చూడండి.