అన్నంభట్ట చరిత్రము



కాశికి బోయినంతమాత్రమున ప్రతివాడును అన్నంభట్టు కాజాలడని పండితులలో నొక సామెత కలదు. మన సంఘముయొక్క వార్షిక మహాసభా సంచికకై మన పూర్వులలో నొకరి చరిత్రమును వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము గోరినపుడు మాకు మొట్టమొదట స్ఫురించినది ఈ సామెతయే. ఓరుగల్లునుండి ఖమ్మమునకు బోవు బాటపైనున్న ఈ తొర్రూరునందు, ఉపాధ్యాయవృత్తినుండి విరమించిన పిమ్మట, సాయంకాలములందు నలుగురైదుగురు బాలురకు ఆ మహనీయుని తర్కసంగ్రహమును జెప్పుకొనుచు కాలము బుచ్చుచున్నాము. మాకు చేరువనున్న పాలకుర్తి, బమ్మెర గ్రామములు సోమనాథ పోతనల పేరులతో ముడివడి యున్నవి. కవులను గూర్చి వ్రాయువారు పెక్కుండ్రు. శాస్త్రకారుని దలచువారు అరుదు. ఆ లోపమును గొంత దీర్ప సాహసించుచున్నాము.

అన్నంభట్టు క్రీ.శ. 17వ శతాబ్దివాడు, ఆంధ్రుడు. గరికపాడను పల్లె ఆయన స్వస్థలమని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. రాఘవసోమయాజి వంశమున, అద్వైతవిద్యాచార్యుడని పేరొందిన తిరుమలాచార్యునకు బుత్రుడై జనించెను. తాతముత్తాతలవలన యజ్ఞసంప్రదాయమును, తండ్రివలన వేదాంతమును ఇంటనే లభించినవి. అయినను ఇంటి విద్యతో దృప్తి జెందక ఆయన కాశిని జేరెను. పొగబండి లేని ఆ దినములలో కృష్ణాగోదావరుల సీమనుండి గంగాతీరమునకు బోవుట యెంత ప్రయాసమో చదువరులు ఊహింపగలరు. ఆ నగరమున నాయన నిలిచి గడించిన కీర్తియే పై సామెతకు మూలము.

ఆయనను తర్కసంగ్రహకర్తగా మాత్రమే ఎరిగినవారు పెక్కుమంది. కాని ఆయన పాండిత్యము నాలుగు శాస్త్రములందును వ్యాపించినది. పాణినీయ సూత్రములకు మితాక్షర యను వృత్తిని రచించెను. అదే పేరుతో బ్రహ్మసూత్రములకును వృత్తి వ్రాసెను. కైయటుని ప్రదీపమునకు ఉద్ద్యోతనమును, మీమాంసయందు రాణకోజ్జీవనిని, న్యాయమునందు జయదేవుని ఆలోకమునకు సిద్ధాంజనమును సంతరించెను. ఇట్టి మహాపండితుడు కొన్ని పుటలలో నిముడు చిన్నపొత్తమును బాలురకొరకు వ్రాయుటయే మాకు మిక్కిలి యాశ్చర్యకరము.

మిథిలయందు గంగేశోపాధ్యాయుడు తత్త్వచింతామణిని రచించిన పిదప న్యాయశాస్త్రము పరిభాషలతో దట్టమైన యరణ్యమాయెను. పెద్దలే దారితప్పు ఆ యడవిలో బాలురు అడుగిడుటకు జంకుచుండిరి. అన్నంభట్టు వైశేషికుల సప్తపదార్థములను, గౌతముని ప్రమాణచతుష్టయమును ఒక్కచోట గూర్చి, ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క చిన్న లక్షణము జెప్పి, కాలిబాట వేసెను. బాలురు సుఖముగా దెలిసికొనుటకే వ్రాయుచున్నానని గ్రంథారంభముననే చెప్పికొనెను. అంతటితో నూరకుండక, శంక గలుగు తావులందు దానే శంకించి, దానే సమాధానము జెప్పుచు, దీపిక యను వ్యాఖ్యను గూడ రచించెను. ముప్పదేండ్లకు మించి బాలురకు బోధించిన మేము ఈ గుణమునకే మున్ముందుగా నమస్కరింతుము.

ఈ పొత్తమున నేటి లోకమునకు మిక్కిలి యక్కరకు వచ్చునది హేత్వాభాస ప్రకరణము. హేతువువలె గన్పట్టుచు హేతువు కానిది హేత్వాభాసము. ఇవి యైదని యాయన నిర్ణయము.

మొదటిది సవ్యభిచారము. కొండపై అగ్ని కలదు, ఏలన కొండ తెలియదగిన వస్తువు గనుక, అనుట. మడుగును తెలియదగినదియే గదా! అందు అగ్ని యెక్కడిది? నల్లరేగడిలో విత్తితిని గనుక పత్తి పండి తీరునను రైతు ప్రక్క చేనివైపు చూడడు. ఆ నల్లరేగడిలోనే పంట పోయియుండును.

రెండవది విరుద్ధము. శబ్దము నిత్యము, పుట్టించబడునది గనుక, అనిన పుట్టినది నశించునని వాని హేతువే వాని వాదమును కూల్చును. ఊరివారందరు అప్పిచ్చిరి గనుక వీడు ఋణములేనివాడనుట ఇట్టిదే.

మూడవది సత్ప్రతిపక్షము. ఒకడు, శబ్దము చెవికి వినబడునది గనుక శబ్దత్వమువలె నిత్యమనును. వేరొకడు, చేయబడునది గనుక కుండవలె అనిత్యమనును. ఎదురు హేతువు నిలిచియుండగా ఒక్కదానినే పట్టుకొని తీర్పు జెప్పరాదు. తగవులు దీర్చు పెద్దలు దీనిని మనసున నుంచుకొనవలెను.

నాలుగవది అసిద్ధము. ఆకాశపద్మము పద్మమే గనుక పరిమళించుననుట; పద్మమే లేదు, పరిమళ మెక్కడిది? వ్రాయని వీలునామానుబట్టి పొలము పంచుకొనువారు నేటికిని గలరు.

అయిదవది బాధితము. అగ్ని ద్రవ్యము గనుక చల్లనిదనుట. చేయి తాకించిన చాలును, వాదము ముగియును. తప్పిన పరీక్షాపట్టిక ముందుంచినను, మా బాలుడు మేధావి గనుక తప్పడని వాదించిన తండ్రులను మే మెరుగుదుము.

ఈ యైదింటిని మేము వందలమారులు వల్లెవేయించితిమి. ఎదుటివాని మాటలో దోషము పట్టుట మాకు వినోదముగా నుండెను. అట్టి మేమే యొకమారు ఘోరముగా దప్పితిమి. దాచుకొనుట న్యాయము గాదు గనుక వ్రాయుచున్నాము. చాలయేండ్ల క్రిందట మా బంధువొకరు తమ కుమార్తెకు వచ్చిన సంబంధమును గూర్చి మా యభిప్రాయ మడిగిరి. వరుని తండ్రి దుర్వ్యసనములవలన ఆస్తి నంతయు హరింపజేసినవాడు. కుమారుడును అట్లే చేయును, ఆ తండ్రి కొడుకు గనుక, అని మేము నిశ్చయముగా బలికితిమి. మా మాటను ఆప్తవాక్యముగా గొని వారు ఆ సంబంధము విడిచిరి. ఆ చిన్నవాడు చిరుద్యోగము జేసికొనుచు తండ్రి యప్పులన్నియు దీర్చి, చెల్లెండ్ర పెండ్లిండ్లు చేసి, పదిమందిలో మన్ననకెక్కెను. ఆ కన్యకు మరల సంబంధము కుదురుటకు నాలుగేండ్లు పట్టినది. ఆ నాలుగేండ్లును ఆ తల్లి మా యింటి గడప ద్రొక్కలేదు.

మా తప్పెక్కడ నున్నదో అన్నంభట్టే చెప్పియున్నాడు. అగ్ని యున్నచో పొగ యుండితీరునా? తడికట్టె యున్నప్పుడే పొగ పుట్టును. ఎర్రగా గాలిన యినుపగుండునందు అగ్ని కలదు, పొగ లేదు. ఆ తడికట్టెకే ఉపాధి యని పేరు. ఉపాధిగల హేతువు కూడ అసిద్ధభేదమే. మా విషయమున దుర్వ్యసనము తడికట్టె. అది తండ్రియందు గలదు, కొడుకునందు లేదు. తడికట్టె యున్నదో లేదో చూడకయే మేము పొగను జూచితిమి. అనుమానము తనకొరకనియు, పరులకొరకనియు రెండు తెరగులని ఆయన విభజించుటలోని యంతరార్థము మాకు ఆనాడు బోధపడినది. పరులకు జెప్పు ముందు తనలో దాను చేసికొను అనుమానమే శుద్ధము కావలెను. యథార్థమును బలుకువాడే ఆప్తుడని కూడ ఆయనయే లక్షణము జెప్పెను; వయసుచేతను చదువుచేతను ఎవ్వడును ఆప్తుడు గాడు.

అన్నంభట్టు గతించిన పిదప ఆయన పొత్తము దేశమంతట వ్యాపించెను. గోవర్ధనుడు న్యాయబోధినిని, నీలకంఠుడు దీపికపై ప్రకాశికను వ్రాసిరి. 1897లో అథల్యే, బోడస్ పండితుల పరిశ్రమచే ముంబయి సంస్కృత గ్రంథమాలలో ఆంగ్ల వివరణలతో వెలువడెను. 1932లో కుప్పుస్వామిశాస్త్రిగారు దీనినే యాధారముగా గొని ఆంగ్లమున భారతీయ తర్కశాస్త్ర ప్రవేశికను రచించిరి. నేటికిని సంస్కృత పాఠశాలలలో తర్కమునకు ఓనమాలు ఈ పొత్తముతోడనే.

సోదరులారా! అన్నంభట్టు మనవాడని ఈ సభలో జెప్పుకొనుట మనకు సంతోషకరమే. కాని ఆ సామెతను మరల నొకమారు తలపోయుడు. కాశికి బోవుట యను హేతువు విద్వాంసునియందును కలదు, మూర్ఖునియందును కలదు. కావున నది సవ్యభిచారము. మనవాడగుట యను హేతువును అట్టిదియే గదా! మన కులమువాడు గనుక యోగ్యుడనుటయు, కానివాడు గనుక అయోగ్యుడనుటయు, ఆ తండ్రి కొడుకు గనుక ఇట్టివాడనుటయు ఒక్క త్రాసున దూగును. సభ ముగిసిన తోడనే మనలో బెక్కురు సంబంధములు విచారించుటకు గూర్చుందురు. ఆ వేళ జాతకములతోపాటు మన హేతువులను గూడ నొకింత పరీక్షించుకొనిన, ఆ మహనీయునకు మనము చేయు పూజ సార్థకమగును. మేము ఆలసించి నేర్చిన పాఠమిది. మీరు ముందుగా నేర్తురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.