వడ్డనకు వన్నె తెచ్చిన యాభై ఏళ్లు

1972లో ఫుడ్ క్రాఫ్ట్ ఇన్‌స్టిట్యూట్‌గా మొదలై, నేడు ఐహెచ్‌ఎంగా పేరుకెక్కిన హైదరాబాద్ హోటల్ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థకు 2022తో యాభై ఏళ్లు నిండాయి. ఈ శుభవేళ జంగారెడ్డిగూడెం నుంచి, మా మెట్ట ప్రాంతపు శ్రేయోభిలాషులందరి తరఫున మనసారా అభినందనలు! మా ఏలూరు జిల్లా కూడా 2022లోనే, ఏప్రిల్ 4న పుట్టింది. నిన్నగాక మొన్న పుట్టిన జిల్లా స్వర్ణోత్సవ సంస్థకు అక్షతలు వేయడమేమిటని నవ్వకండి. అతిథి మర్యాదలో మాకూ కాస్త వయసుంది. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవారికీ విస్తరి వేసి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు 1909లోనే కన్నుమూశారు. మేం ఆ గోదావరి సీమ వాళ్లమే.

మీరు పుట్టిన రోజుల్లో హోటల్ పని అంటే కప్పులు కడగడమే. చదువబ్బని కుర్రాణ్ని పెద్దలు ఆ మాటతోనే తిట్టేవారు. బొంబాయిలో 1954లోనే క్యాటరింగ్ కాలేజీ వెలిసినా, వంటకూ వడ్డనకూ ఇక్కడ పాఠ్యపుస్తకం, పరీక్ష, పట్టా ఉంటాయంటే నమ్మినవారు తక్కువ. 1982లో హోటల్ మేనేజ్‌మెంట్ జాతీయ మండలి ఏర్పడి దేశంలోని ఇలాంటి సంస్థలను ఒక్క తాటిపైకి తెచ్చింది. 1998లో సైబర్ టవర్స్ లేచాక హైదరాబాద్‌లో పెద్ద హోటళ్లు వరుస కట్టాయి. 2009లో 'హునర్ సే రోజ్‌గార్' పథకం వచ్చి, ఎనిమిదో తరగతి చదివిన పేదింటి పిల్లలకూ ఇలాంటి సంస్థల గడప దాటే దారి చూపింది. ఎనిమిది వారాల్లో వంట, ఆరు వారాల్లో వడ్డన! 2020లో లాక్‌డౌన్ హోటళ్లకు తాళం వేసినప్పుడు ఈ వృత్తి పని అయిపోయిందన్నారు. అవలేదు. చేతులు కడుక్కోవడం, జుట్టుకు వల, వంటింట్లో శుభ్రత... లోకమంతా అప్పుడు హడావిడిగా నేర్చుకున్నవి మీ పిల్లలకు మొదటి వారం పాఠాలే.

అసలు మాకు ముచ్చట గొలిపేది ఆ క్రమశిక్షణే. క్లాసుకు ముందు పిల్లలంతా వరుసగా నిలబడాలి. అరచేతులు చాపి, మళ్లీ తిప్పి గోళ్లు చూపించాలి. గడ్డం నున్నగా గీసి ఉండాలి, బూట్లు నల్లగా మెరవాలి. ఉంగరాలు, ఘాటైన సెంట్లు వంటింటి దరిదాపుల్లోకి రాకూడదు. అమ్మాయిల జుట్టు ముడిలోంచి ఒక్క వెంట్రుక జారకూడదు. పళ్లెంలోంచి వడ్డించేటప్పుడు అతిథికి ఎడమ పక్క నుంచి, ఎంగిలి ప్లేటు తీసేటప్పుడు కుడి పక్క నుంచి. చూసేవారికి చాదస్తంగా తోస్తుంది గానీ, పులుసులో వెంట్రుక తగిలినవాణ్ని అడిగితే ఆ చాదస్తం విలువ చెబుతాడు.

ఇదంతా దొరల దగ్గర అరువు తెచ్చుకున్న డాబని సణిగేవారున్నారు. కానీ మర్యాద ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎక్కడో పసిఫిక్ నడుమ, హవాయిలోని లాయె అనే ఊళ్లో 1963 నుంచి పాలినేషియన్ కల్చరల్ సెంటర్ నడుస్తోంది. పక్కనున్న విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలే అక్కడ అతిథులకు ఎదురెళ్లి, ఆటపాటలు చూపి, తమ చదువు ఖర్చు సంపాదించుకుంటారు. సమోవా, టోంగా, తాహితి... ఏ దీవి కట్టు ఆ దీవిదే. సమోవా ఇళ్లలో పెద్దల వైపు కాళ్లు చాపి కూర్చోరు. కూర్చున్నవారి ముందు నుంచి వెళ్లాల్సి వస్తే నడుం వంచి, మన్నించమని అడిగి వెళతారు. మా పెళ్లి పంక్తుల్లో నేతిగిన్నె పట్టుకుని వంగి నడిచే మేనమామను చూడండి, తేడా ఏముంది? ఇంట్లో ఉన్న ఆ మర్యాదకే మీరు జీతం, హోదా తెచ్చిపెట్టారు.

చనువు కొద్దీ ఒక్క మాట. రోహిణీకార్తెలో మెడకు బిగించిన ఆ టై ఎవరికి సుఖమో మాకు బోధపడదు. వజ్రోత్సవం నాటికైనా పొందూరు ఖద్దరుకు మీ యూనిఫాంలో చోటు దొరకాలని మా కోరిక.

ఇంకో కోరికా ఉంది. గుర్వాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి దగ్గరకు మంగళవారం వచ్చే జనం, పాపికొండల లాంచీలెక్కే జనం, భద్రాచలం పోతూ మా బస్టాండులో టిఫినుకు దిగే జనం... వీరిని ఆదరించే కుర్రాళ్లకు మీ శిక్షణ అందాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగిన ఘోరం తర్వాత, లైఫ్ జాకెట్ వేసుకోమని నవ్వుతూనే పట్టుబట్టి చెప్పడం కూడా మర్యాదలో భాగమేనని గోదావరి తీరానికి తెలిసొచ్చింది.

మీ సంస్థ దినదిన ప్రవర్ధమానమై, మూడు పువ్వులూ ఆరు కాయలుగా వర్ధిల్లి, నిండు నూరేళ్ల పండుగ చేసుకోవాలి, చేసుకుంటుంది కూడా. ఈలోగా ఓ ఆరు వారాల శిక్షణ మా ఊళ్లో పెట్టండి. విడిది, భోజనం మా పూచీ. వడ్డన మాత్రం మీ పిల్లలదే!