ప్రతిజ్ఞాకర్త పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు

ఉదయము బడి గంట మ్రోగగనే మన పిల్లలు వరుసలు తీరి జాతీయ ప్రతిజ్ఞ చెప్పుదురు. ఇచట మన పిల్లలు దానిని కన్నడమున చెప్పుదురు. చెన్నపట్నమున మన బంధువుల పిల్లలు తమిళమున, సోలాపురమున ఉన్నవారు మరాఠీలో చెప్పుదురు. ఆ మాటలు తొలుత తెలుగులో పుట్టినవని వారిలో ఎందరికి తెలియును?

ప్రతిజ్ఞను రచించిన శ్రీ పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1916వ సంవత్సరము జూన్ 10వ తేదీన నల్లగొండ జిల్లా అన్నెపర్తి గ్రామమున జన్మించిరి. అప్పుడది నైజాము ఏలుబడిలోని ప్రాంతము. వారు పలుభాషలు నేర్చిన పండితులు. కాలభైరవుడు అను నవలను వ్రాసిరి. జీవనమునకు మాత్రము సర్కారు కొలువే ఆధారము.

1962లో వారు విశాఖపట్టణమున జిల్లా ఖజానా అధికారి. లెక్కలు, బిల్లులు, దస్త్రముల నడుమనే బాలల కొరకు ఈ ప్రతిజ్ఞను వ్రాసిరి. దేశవాసులెల్లరు ఒక తల్లి బిడ్డలవలె మెలగవలెననియు, పెద్దలయెడ గౌరవము చూపవలెననియు అందలి సారాంశము. వారు దానిని విశాఖ నాయకులగు శ్రీ తెన్నేటి విశ్వనాథం గారికి చూపగా, ఆయన రాష్ట్ర విద్యామంత్రి శ్రీ పి.వి.జి. రాజు గారికి అందజేసిరి. 1963లో విశాఖ పాఠశాలలో పిల్లలు దానిని మొదటిసారి చదివిరి.

మరుసటి యేడు అది మన బెంగుళూరునకు వచ్చినది. 1964 అక్టోబరులో శ్రీ ఎం.సి. చాగ్లా గారి అధ్యక్షతన ఇచట కూడిన కేంద్ర విద్యా సలహా మండలి, దేశమందలి బడులన్నిటను ప్రతిజ్ఞ చెప్పించవలెనని నిర్ణయించెను. 1965 జనవరి 26 నుండి అది అమలునకు వచ్చినది. పెక్కు భాషలలోనికి తర్జుమా అయినది.

ప్రతిజ్ఞ ఇట్లు దేశమంతట వ్యాపించినను, చాలకాలము పాఠ్యపుస్తకములలో కర్త పేరు కానరాలేదు. మనుమరాలు బడి పుస్తకములో చదువుచుండగా విని, అది తాను వ్రాసినదే యని సుబ్బారావు గారు గుర్తించిరని చెప్పుదురు. 1988 ఆగస్టు 13న వారు కీర్తిశేషులైరి.

పొట్టకూటికై పరభాషా ప్రాంతమునకు వచ్చి, ఇరుగుపొరుగులతో కలిసి బ్రతుకుచున్న మనకు ఆ ప్రతిజ్ఞ వట్టి బడిపాఠము కాదు. దినదినము ఆచరించుచున్న ధర్మము. పిల్లలు దానిని ఏ భాషలో చెప్పినను మంచిదే. కాని ఈ ఉగాదినాడు పచ్చడి చేతిలో పెట్టుచు, అది వ్రాసిన తెలుగువాని పేరు కూడ వారికి చెప్పుదము. ఆ మహనీయునికి మనము తీర్చవలసిన ఋణము ఈపాటిదే.