ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున ఒక మహనీయుని చరిత్రము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను లెక్కల చిట్టాలతో ప్రొద్దుపుచ్చువాడను. కావ్యములు సైతము గురుముఖమున గాక ఈ గ్రంథాలయపు బీరువాల చెంతనే చదువుకొంటిని. సాయంకాలములందు ఇచ్చట వార్తాపత్రికలు తిరుగవేయు యువకుల మాటలు నా చెవిని పడుచుండును. ఏ పక్షమును నమ్మలేమనియు, మాట యిచ్చినవారెల్లరు మాట తప్పిరనియు, పదిమందిని ఒక్కత్రాటిపై నడుపు కంఠమే లేదనియు వారి నిర్వేదము. ఇట్టి నిర్వేదమే నూఱేండ్ల క్రిందట మన తాతలనాటి యువకులను గూడ క్రుంగదీసెను. ఆనాటి పెద్ద కంఠములలో నొకటి గోపాలకృష్ణయ్యగారిది. కావున వారి చరిత్రమునే యెన్నుకొంటిని.

వీరు 1889 జూన్ 2వ తేదీన కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి బంధువుల ప్రాపున పెరిగిరి. పిదప సముద్రములు దాటి స్కాట్లండు దేశమున ఎడింబరో విశ్వవిద్యాలయమునందు చదివి ఎం.ఏ. పట్టము పొందిరి. సీమచదువు వారిని సీమదొరను చేయలేదు. ఆనంద కుమారస్వామిగారితో గూడి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరింపగా, ఆ గ్రంథము 1917లో అమెరికాయందు ప్రకటితమయ్యెను. స్వదేశమునకు వచ్చి కొంతకాలము బందరు జాతీయ కళాశాలయందు పనిచేసిరి. ఒకరి కట్టుబాటులో ఇమిడి యుండు స్వభావము వారికి లేదు. అచ్చట నిలువక చీరాల చేరిరి.

చీరాల, పేరాల గ్రామములను ప్రభుత్వము 1919లో పురపాలక సంఘముగ మార్చెను. సౌకర్యములు పెరుగకుండ పన్నులు మాత్రము పలురెట్లు పెరిగెను. ఆ జనులలో నేతపనివారు, చిన్న బేహారులు అనేకులు. విన్నపములు నిష్ఫలమయ్యెను. పన్ను కట్టమన్నవారు కొందఱు చెఱసాలకు పోయిరి. వారిలో ఒక స్త్రీయు నుండెను. 1921 ఏప్రిల్ నెలలో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చినపుడు, హింసకు దిగక పన్ను నిరాకరించుటయో, ఊరు విడిచి పోవుటయో శరణ్యమని సూచించెను. ఊరు లేనిచో పురపాలక సంఘము ఎవరిని పాలించును? గోపాలకృష్ణయ్యగారి మాటపై నమ్మకముతో పదునైదువేల జనులలో సుమారు పదుమూడువేలమంది తమ యిండ్లు విడిచి, పొలిమేర దాటి పాకలు వేసికొనిరి. ఆ పాకల యూరికి రామనగరమని పేరు. ఎండకు ఎండి, వానకు తడిసి, దాదాపు పదునొకండు మాసములు అచ్చటనే కాపురము చేసిరి.

అంతమందిని ఏకము చేసిన శక్తి యెట్టిది? వారు ఎడింబరో ఆంగ్లమును ప్రక్కనుంచి పల్లెవాని తెలుగున పాడిరి, పద్యములు చెప్పిరి, నవ్వించిరి. రామకథ ఎఱుగని తెలుగువాడు లేడు గనుక తమ స్వచ్ఛంద సేవకులకు రామదండు అని పేరిడిరి. కాషాయవస్త్రములు, రుద్రాక్షలు ధరించిన ఆ యువకులు 1921లో బెజవాడయందు జరిగిన అఖిలభారత కాంగ్రెసు సభకు వచ్చిన జనసమూహములకు సేవచేసి మన్ననలందిరి. ఇంతకును ముఖ్యమైనది మఱియొకటి కలదు. జనులను కష్టపడుమని చెప్పి తాము సుఖపడినవారు కారు.

అంతలో విధి యడ్డుపడెను. రామనగర పోషణకు ధనము సమకూర్చుటకై తిరుగుచుండగా, ఉపన్యసింపరాదను ఉత్తరువును ధిక్కరించిరని బరంపురమున వారిని నిర్బంధించి, ఒక యేడు శిక్ష విధించి తిరుచిరాపల్లి చెఱకు పంపిరి. నాయకుడు లేని రామనగరమున ధైర్యము సన్నగిల్లెను. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా దుర్ఘటన పిమ్మట గాంధీమహాత్ముడు ఉద్యమమును నిలిపివేసెను. జనులు పాత యిండ్లకు మరలిరి, పన్నులు కట్టిరి. చదువులు మాని, కొలువులు వదలి వచ్చిన యువకులకు ఆనాడు దిక్కు తోచలేదు. అదే సంవత్సరము ఆగస్టులో మన మన్యమున అల్లూరి సీతారామరాజు ఆయుధము పట్టెను. కొందఱు మౌనముగ ఇండ్లకు చేరిరి.

చెఱ విడిచి వచ్చిన గోపాలకృష్ణయ్యగారు స్వరాజ్యపక్షమున చేరిరి. చీరాలలో తాము నెలకొల్పిన ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి ద్వారా సాహిత్యమునకు, పల్లె కళలకు ప్రాణము పోయ యత్నించిరి. ధనము కూడబెట్టుట వారెఱుగరు. దారిద్ర్యము, క్షయవ్యాధి జతగూడి క్రుంగదీయగా 1928 జూన్ 10వ తేదీన, ముప్పదితొమ్మిదేండ్ల ప్రాయమున కన్నుమూసిరి.

లెక్కలు వ్రాయువాడనగుటచే ఈ జీవితమునకు జమాఖర్చు వేసి చూచితిని. చీరాల పన్ను తప్పలేదు. ఆ పద్దు నష్టమే. దానిని దాచుట ధర్మము గాదు. ఆ యుద్యమము ఒక్క కంఠముపై మిక్కిలి ఆధారపడుట అందలి లోపము. ఆ కంఠమును చెఱలో బెట్టినంతనే వేలకంఠములు మూగవోయెను. అయినను పదుమూడువేలమంది సామాన్యులు ఒక్కమాటపై పదునొకండు మాసములు నిలువగలరని లోకమునకు తెలిసెను. ఈ పద్దు జమలో నున్నది. దీనిని ఎవరును కొట్టివేయజాలరు.

కావున సోదర యువకులారా! మనలను ఏకము చేయు మహాకంఠము ఎచ్చటనుండియో రావలెనని ఎదురుచూచుట చాలదు. మనకు చేరువనున్న కొంకుదురున జన్మించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు గ్రంథాలయోద్యమమునకు జీవితమర్పించినది, ఊరూర చదివి, ఆలోచించి, మాటాడగల కంఠములు పెక్కు పుట్టవలెననియే గదా! భిన్నాభిప్రాయములు గలవారు ఒకే బల్లకు చుట్టును కూర్చుండి చదువుకొను చోటు మన గంగవరమున ఇరువదియైదేండ్లుగ నిలిచియున్నది. నిరాశ కలిగిన సాయంకాలమున ఇంటికి పోక ఇచ్చటికి రండు. గోపాలకృష్ణయ్యగారివంటివారు మరల పుట్టినచో, వారు చెఱకు పోయిన దినమున వారి పనిని అందుకొనువారు సిద్ధముగ నుండవలెను.